ట్రాక్ డే ఫారం మీద సంతకం: ఏది పోతుంది, ఏది పోదు

ప్రశ్న: మాది తిరుపతి. నలుగురం స్నేహితులం, ఇద్దరు తిరుపతి, ఇద్దరు చిత్తూరు. వచ్చే నెల చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసు సర్క్యూట్‌లో బైక్ ట్రాక్ డేకి (డబ్బు కట్టి మన బండిని రేసు ట్రాక్ మీద తోలే రోజు) పేర్లిచ్చాం. నా బండి అపాచీ ఆర్‌ఆర్ 310. వాళ్లు పంపిన ఫారంలో "నిర్వాహకుల నిర్లక్ష్యం వల్ల జరిగినా సరే, గాయానికి గానీ మరణానికి గానీ ఎవరినీ అడగను" అని ఉంది. సంతకం పెడితే ఇక అంతేనా? బండి ఇన్సూరెన్స్ పనికొస్తుందా? మాలో ఒకడు వాళ్ల బావ బండి తెస్తానంటున్నాడు. వాడి తమ్ముడికి పదిహేడేళ్లు, వాడూ తోలతానని పట్టు పట్టాడు. ఇంత ఖర్చెందుకు, ఆదివారం తెల్లారుజామున ఖాళీ లేఔట్ రోడ్డులో మనమే పెట్టుకుందాం అని ఇంకొకడి సలహా. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఆ లేఔట్ రోడ్డు సంగతి ముందు తేల్చేద్దాం, అది రెండు మాటల్లో అయిపోతుంది. వద్దు. ప్లాట్లు అమ్మిన లేఔట్‌లో రోడ్డు మీద జనం రాకపోకలకు హక్కుంటే మోటారు వాహనాల చట్టం దాన్ని బహిరంగ స్థలంగానే చూస్తుంది. ఇళ్లు లేచాయా లేదా అన్నది లెక్కలోకి రాదు. ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా అలాంటి చోట పందెం గానీ వేగ పరీక్ష గానీ పెడితే 189వ సెక్షన్. మొదటిసారికి 3 నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది, 10,000. చట్టం అలా ఉంచండి, అక్కడ కరెంటు స్తంభం రోడ్డు అంచునే ఉంటుంది. పాల బండి మలుపులోంచి వస్తుంది, కుక్క చెప్పి రాదు. సర్క్యూట్‌లో మీరు కట్టే డబ్బు తారు రోడ్డుకు కాదు. తారు అయిపోయాక మీరు పడి దొర్లడానికి వదిలిన ఖాళీకి, అవతల నిలబడిన అంబులెన్స్‌కి.

ఇక అసలు విషయం. "సంతకం పెట్టేస్తే ఎవరికీ బాధ్యత లేదు" అన్న నమ్మకం నిర్వాహకులకీ ఉంటుంది, తోలేవాళ్లకీ ఉంటుంది. ఇద్దరిదీ తప్పే. ఆ కాగితం నిర్వాహకుల బాధ్యతను పూర్తిగా తుడిచెయ్యదు, మీ నెత్తిన మీరు ఊహించని బాధ్యతలు కొన్ని పెడుతుంది కూడా. ఫారంలో అందరి కళ్లూ పడేది మీరు రాసిన ఆ మరణం వాక్యం మీదే. దానికన్నా భయపడాల్సింది ఇంకోటుంది.

ఇలాంటి ఫారంలో నాలుగు రకాల వాక్యాలు కలిసిపోయి ఉంటాయి. పెన్ను పట్టుకుని విడదీసి చదవండి. మొదటిది, "ఈ క్రీడలో ప్రమాదం ఉందని నాకు తెలుసు" అనేది. దీనికి నిశ్చింతగా సంతకం పెట్టొచ్చు, ఎందుకంటే అది నిజం. తెలిసి ఒప్పుకున్న మామూలు ప్రమాదానికి తర్వాత నష్టపరిహారం అడగలేరన్నది పాత న్యాయసూత్రమే. మలుపులో మీ అంతట మీరు ముందు బ్రేకు గట్టిగా పట్టి జారిపడితే ఎవరినీ అనడానికి లేదు. దీనికి లాయర్లు ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ కేసు (1933) చెబుతారు. కారు కంచె దాటి ప్రేక్షకుల మీద పడి ఇద్దరు చనిపోతే, మామూలుగా ఎవరూ ఊహించలేని ప్రమాదానికి నిర్వాహకులు పూచీ కాదని అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. దాన్నే తిప్పి చదవండి: ఊహించగలిగిన ప్రమాదానికి పూచీ ఉంటుంది. నూనె పడిన మలుపులో జెండా ఊపేవాడు లేకపోవడం, ఉన్న ఒక్క అంబులెన్స్ ఆసుపత్రికి వెళ్లాక కూడా సెషన్ నడపడం ఊహించలేనివేమీ కావు.

రెండో రకం మీరు రాసిన వాక్యం. ఇది చెల్లుతుందని గానీ చెల్లదని గానీ ఒక్క ముక్కలో చెప్పేవాళ్లను నమ్మకండి. కాంట్రాక్టు చట్టం (1872) 23వ సెక్షన్ ప్రకారం ప్రజాప్రయోజనానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదు. బేరమాడే శక్తి ఏమాత్రం లేనివాడి చేత చుక్కల గీత మీద సంతకం పెట్టించుకున్న అన్యాయపు షరతును కొట్టేయొచ్చని సుప్రీంకోర్టు 1986లో బ్రోజోనాథ్ గంగూలీ కేసులో చెప్పింది. అయితే అది ఉద్యోగం పోతుందన్న భయంతో ఒప్పుకున్నవాళ్ల కేసు, మీరు సరదాకి డబ్బు కట్టి వెళ్తున్నవాళ్లు. ఆ తేడాను అవతలి లాయరు తప్పకుండా ఎత్తుతాడు. కాబట్టి కోర్టు కొట్టేస్తుందిలే అన్న ధీమాతో సంతకం పెట్టొద్దు. ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. తోలేవాడు చనిపోతే ఇంట్లోవాళ్లు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద దావా వెయ్యాలంటే, అతను బతికుండి ఉంటే దావా వేసే హక్కు అతనికి ఉండి ఉండాలి. అంటే మీ సంతకం చెల్లితే దాని దెబ్బ మీ అమ్మానాన్నలకూ తగులుతుంది. ఇంట్లో చెప్పకుండా పెట్టాల్సిన సంతకం కాదిది.

ఎంత రాయించుకున్నా పోనిది క్రిమినల్ బాధ్యత. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద 5 ఏళ్ల దాకా జైలు. తీవ్ర గాయమైతే 125(బి), 3 ఏళ్ల దాకా జైలు లేదా 10,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. ఇవి నిర్వాహకులకే కాదు, మీకూ వర్తిస్తాయి. ముందు ప్రమాదం ఉందని పసుపు జెండా ఊపుతుంటే ఓవర్‌టేక్ చేసి, పడినవాణ్ని లేపుతున్న మార్షల్‌ని (ట్రాక్ పక్కన జెండాలతో నిలబడే భద్రతా సిబ్బంది) గుద్దారనుకోండి, "ట్రాక్ మీద జరిగింది కదా" అంటే ఎవరూ వినరు.

మూడో రకమే నేను భయపడమన్నది. "నా వల్ల నిర్వాహకుల మీద ఎవరు ఎలాంటి క్లెయిమ్ వేసినా ఆ మొత్తం, కోర్టు ఖర్చులతో సహా నేను భరిస్తాను" అని ఉంటుంది. దీన్ని ఇండెమ్నిటీ అంటారు. కాంట్రాక్టు చట్టం 124, 125 సెక్షన్లు దీని గురించే. మీరు గుద్దినవాడు నిర్వాహకుల మీద కేసు వేస్తే, వాళ్లు కట్టిన డబ్బూ లాయరు ఫీజూ మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. మొదటి రెండు వాక్యాలు మీకు రావాల్సింది ఆపుతాయి, ఇది మీ జేబులోంచి తీస్తుంది. ఈ వాక్యం ఉంటే "నా తప్పు రుజువైన మేరకు మాత్రమే" అని చేర్చమని మెయిల్‌లో అడగండి. చాలామంది ఒప్పుకోరు. అడిగినట్టు రికార్డు మాత్రం ఉంటుంది.

నాలుగోది బారియర్, కంచె, టైర్ల గోడ పాడైతే డబ్బు కట్టాలన్నది. రేటు ఎంతో ముందే అడిగి తెలుసుకోండి, అంతే. ఫారం నాలుగు రోజుల ముందే తెప్పించుకుని ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. పొద్దున్నే గేటు దగ్గర, హెల్మెట్ చంకలో పెట్టుకుని, వెనక పదిమంది తోస్తుండగా పెట్టే సంతకం ఎవరూ చదివి పెట్టరు.

ఇన్సూరెన్స్. మీ బండి పాలసీ తీసి "లిమిటేషన్స్ యాజ్ టు యూజ్" అన్న పేరా వెతకండి. సర్టిఫికెట్ పేజీలోనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏయే వాడకాలకు కవర్ లేదో అక్కడ వరుసగా రాసి ఉంటుంది: కిరాయి, సరుకు రవాణా, ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్. "ఇది రేసు కాదు, టైమింగ్ లేదు" అని ట్రాక్ డే వాళ్లు ప్రకటనలో రాసేది కొంతవరకు ఈ పేరా కోసమే. రేసింగ్ అన్న మాట తప్పించుకున్నా స్పీడ్ టెస్టింగ్ అన్న మాట పక్కనే కాచుకుని ఉంటుంది. థర్డ్ పార్టీ విషయంలోనూ ఇంతే. రేసింగ్‌కో వేగ పరీక్షకో వాడారన్నది కంపెనీ కోర్టులో చెప్పుకోవడానికి మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్‌లోనే ఒప్పుకున్న కారణం. కాబట్టి బండి డ్యామేజీకి గానీ, మీరు ఎవరినైనా గుద్దినదానికి గానీ ఈ పాలసీ వస్తుందని లెక్క వెయ్యకండి. పాలసీతో వచ్చే 15 లక్షల ఓనర్ డ్రైవర్ ప్రమాద కవర్‌ని కూడా అంతే.

నోటి మాట అడగొద్దు, ఏజెంటు "అవుతుంది సార్" అంటాడు. కంపెనీ మెయిల్ ఐడీకి ఇలా రాయండి: "నా పాలసీ నంబరు ఫలానా. ఫలానా తేదీన మూసి ఉన్న సర్క్యూట్‌లో, టైమింగ్ గానీ బహుమతి గానీ లేని ట్రాక్ డేలో బండి నడుపుతాను. ఆ సమయంలో ఓన్ డ్యామేజ్, థర్డ్ పార్టీ, ఓనర్ డ్రైవర్ ప్రమాద కవర్ వర్తిస్తాయా? ఒక్కొక్కదానికి విడివిడిగా జవాబివ్వండి." విడివిడిగా అన్న మాట వదలొద్దు. లేకపోతే "పాలసీ షరతులకు లోబడి" అని ఒక్క లైను వస్తుంది.

ఆరోగ్య బీమా దగ్గర కాస్త ఊరట ఉంది. అన్ని కంపెనీలకూ ఒకే మాటల్లో ఉండే మినహాయింపు ఒకటుంది, కోడ్ ఎక్స్‌క్ల్ 09. పర్వతారోహణ, స్కూబా డైవింగ్‌తో పాటు మోటార్ రేసింగ్ పేరూ అందులో ఉంది. కానీ అది "ప్రొఫెషనల్‌గా" పాల్గొన్నవాళ్ల చికిత్సకే. ఫీజు కట్టి సరదాకి తోలేవాడు ప్రొఫెషనల్ కాడు. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు కంగారులో "రేసులో పడ్డాడు" అని చెబితే కేస్ షీట్‌లో అదే ఎక్కుతుంది, క్లెయిమ్ అక్కడే చిక్కుకుంటుంది. జరిగింది జరిగినట్టే చెప్పండి: సరదాకి ట్రాక్ మీద నడుపుతూ పడ్డాడు, పోటీ కాదు. విడిగా తీసుకున్న పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ, టర్మ్ పాలసీకి అతికించిన ప్రమాద రైడర్ మాత్రం వేరే మాటల్లో, ఇంకా కఠినంగా ఉండొచ్చు. వాటిని విడిగా చదవండి. నలుగురిలో ఎవరికైనా ఆరోగ్య బీమా లేకపోతే వాడు ఈసారికి రాకపోవడమే మంచిది.

"ఫెయిరింగ్ (బండి చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) పగిలితే రేణిగుంట రోడ్డులో పడ్డానని రాసేద్దాంలే" అని మీ గుంపులో ఎవరో ఒకరు అనే ఉంటారు. ఇన్సూరెన్స్ కంపెనీ పంపే సర్వేయర్‌కి ట్రాక్ కంకర గీతకీ తారు గీతకీ తేడా తెలుసు. మీ ఇన్‌స్టా రీలు కూడా ఆయనకు దొరుకుతుంది. క్లెయిమ్ పోవడమే కాదు, అది మోసం కేసు.

బావ బండి. దీనికి కాంట్రాక్టు చట్టం 154వ సెక్షన్‌లో ఒక గుర్రం ఉంది. ఒకడు తన స్వారీకే అని గుర్రాన్ని అరువు తెచ్చుకుని ఇంట్లో ఇంకొకరిని ఎక్కనిచ్చాడు. ఎక్కినవాడు జాగ్రత్తగానే తోలాడు, అయినా గుర్రం పడి దెబ్బ తగిలింది. అరువు తెచ్చుకున్నవాడే నష్టం కట్టాలని చట్టంలోనే ఉదాహరణ. గుర్రం తీసి బైక్ పెట్టండి. ఊళ్లో తిరగడానికి ఇచ్చిన బండిని చెప్పకుండా ట్రాక్ ఎక్కిస్తే, మీవాడి తప్పు ఏమీ లేకపోయినా రిపేరు ఖర్చు మీవాడిదే. బావగారి చేత "ఫలానా తేదీన ట్రాక్ డేకి వాడుకోవడానికి ఒప్పుకున్నాను, ఆ రోజు ఇన్సూరెన్స్ వర్తించకపోవచ్చని తెలుసు" అని వాట్సాప్‌లో అయినా రాయించుకోమనండి. రాయడానికి బావ తటపటాయిస్తే జవాబు అందులోనే ఉంది, ఇంటికి అల్లుడు కదా, మొహమాటానికి సరే అంటాడు.

పదిహేడేళ్ల కుర్రాడి సంగతిలో బేరం లేదు. మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే మొహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకు చివరి అప్పీలు కోర్టు) తేల్చేసింది, కాబట్టి వాడి సంతకానికి విలువ లేదు. ఒప్పుకుని ఆడిన ఆటలో తగిలే దెబ్బకు న్యాయ సంహిత 25వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు కూడా 18 ఏళ్లు దాటినవాళ్ల సమ్మతికే. వయసు దాచి తోలించారంటే నిర్వాహకులకన్నా ముందు తీసుకెళ్లిన అన్నే జవాబు చెప్పుకోవాలి. ఇదే సర్క్యూట్‌లో 2023 ఆగస్టులో, లైసెన్సులూ వైద్య సిబ్బందీ అన్నీ ఉన్న జాతీయ పోటీల్లోనే, బెంగళూరుకు చెందిన 13 ఏళ్ల కుర్రాడు పడి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. మీవాణ్ని తీసుకెళ్లండి, టైరు ప్రెషర్ చూసే పని అప్పగించండి.

ఇక నిర్వాహకుల్ని అడగాల్సినవి. అంబులెన్స్‌లు ఎన్ని, ఒకటి వెళ్లిపోతే రెండోది ఉందా, లేకపోతే అది తిరిగొచ్చేదాకా సెషన్ ఆపుతారా? ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతోనే ఎవరెలాంటివాళ్లో తెలిసిపోతుంది. ఆ ట్రాక్ 3.717 కిలోమీటర్లు, 1990 నుంచి నడుస్తోంది. ఒక చివర పడినవాడు ఇంకో చివర ఉన్నవాళ్లకు కనపడడు, కాబట్టి మలుపు మలుపుకీ మార్షల్, వాళ్ల మధ్య రేడియో ఉండాలి. కొత్తవాళ్లకు వేరే గ్రూపు ఉందా, కార్లూ బైకులూ కలిపి వదులుతారా, మొదటి ల్యాపులు నెమ్మదిగా దారి చూపిస్తూ తిప్పుతారా, ఓవర్‌టేక్ ఎక్కడ చెయ్యొచ్చు, ఇవన్నీ వాట్సాప్‌లోనే అడగండి. జవాబులున్న అసలు చాట్ ఫోన్‌లో ఉంచండి, స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు.

బండి తయారీని కూడా చట్టంతో కలిపే చూడండి. మీ బండి నూనె కార్చి వెనకవాడు పడితే మీరు జాగ్రత్త తీసుకున్నారా అన్నదే ప్రశ్న, దానికి మెకానిక్ బిల్లే మీ సాక్ష్యం. ఆయిల్ డ్రెయిన్ బోల్టు, ఫిల్టరు, ఫిల్లర్ క్యాప్ వైరుతో కట్టించండి. కనీసం బిగించాక పెయింటుతో గీత గీయించండి, గీత తప్పితే వదులైందని తెలుస్తుంది. మామూలు కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ తారు మీద సబ్బులా జారుతుంది, తుడిచినా త్వరగా పోదు. అందుకే కొందరు డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పొయ్యమంటారు. పోస్తే ఇంటికొచ్చాక మళ్లీ కూలెంట్ మార్చండి, లేకపోతే లోపల తుప్పు.

బ్రేక్ ఫ్లూయిడ్‌ని మాత్రం వాయిదా వెయ్యొద్దు. తిరుమల నుంచి దిగే ఘాట్‌లో బ్రేకు మీదే బండి దించేవాళ్ల చక్రాల దగ్గర కాలిన వాసన మీకు తెలిసిందే. ట్రాక్ మీద ప్రతి ల్యాపులో బ్రేకుల మీద అంతకన్నా ఎక్కువ భారం పడుతుంది. కొత్త డాట్ 4 ఫ్లూయిడ్ 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. గాలిలో తేమ పీల్చుకున్నాక అది 155కి పడిపోతుంది. మరిగితే పైపులో ఆవిరి బుడగలు చేరతాయి, ఆవిరి నొక్కుకుపోతుంది, లీవరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి ఆగదు. ఏడాది దాటిన ఫ్లూయిడ్ అయితే వెళ్లే వారంలో మార్పించి, గాలి పూర్తిగా తీయించండి. ప్యాడ్లు సగానికి తక్కువుంటే అవీ మార్చండి. సెషన్ చివరి ల్యాపు బ్రేకులు వాడకుండా నెమ్మదిగా తిరిగి రండి.

అద్దాలు, నంబరు ప్లేటు, చీర గార్డు, ఫోన్ హోల్డరు తీసెయ్యండి. హెడ్‌లైట్ మీద టేపు వెయ్యండి, పగిలినా ముక్కలు రాలకుండా. క్రాష్ గార్డు ఉంటే తప్పకుండా తీయించండి. రోడ్డు మీద అది కాలు కాపాడుతుంది, ట్రాక్ పక్క కంకరలో గుచ్చుకుని బండిని పల్టీ కొట్టిస్తుంది. టైరు వేడెక్కితే లోపల గాలి పెరిగి నేలకానే భాగం తగ్గుతుంది, కాబట్టి మొదటి సెషన్ కాగానే వేడి మీద ప్రెషర్ కొలిచి, టైరు కంపెనీ ట్రాక్‌కి చెప్పిన అంకెకు దించండి. హెల్మెట్‌కి ఐఎస్ఐ గుర్తు రోడ్డుకు సరిపోతుంది, ట్రాక్‌కి ఈసీఈ 22.06 (యూరప్ హెల్మెట్ ప్రమాణం) ముద్ర, గడ్డం కింద పట్టీకి డబుల్ డీ రింగు ఉన్నది చూడండి. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ లోపలి థర్మోకోల్ లాంటి పొర నలిగిపోయి ఉంటుంది, పైకి గీత కనపడకపోయినా దాన్ని పెట్టుకోవద్దు.

జెండాలు బ్రీఫింగ్‌లో చెబుతారు. ఆ పదిహేను నిమిషాలు ఫోన్ చూడకండి. పసుపంటే ముందు ప్రమాదం, ఓవర్‌టేక్ లేదు. ఎరుపంటే సెషన్ ఆగిపోయింది, నెమ్మదిగా పిట్‌కి రావాలి. పసుపు మీద ఎర్ర చారలుంటే నేల జారుతోంది. నల్ల జెండా మీకే, లోపలికి రండి. మీకే అనుకోకపోవడం దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు.

ఎవరైనా పడితే ట్రాక్ దాటి పరిగెత్తొద్దు, వాడి హెల్మెట్ మీరు తీయొద్దు. మార్షల్స్ వస్తారు. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసుగా నమోదు) చేయించండి. నిర్వాహకుల దగ్గర ప్రమాద నివేదిక కాపీ అడగండి. మిగతావాళ్ల హెల్మెట్ కెమెరా కార్డులు ఆ రాత్రే కాపీ చేసుకోండి, వారం తర్వాత అడిగితే "ఫార్మాట్ అయిపోయింది" అంటారు. పోలీసు కేసు నడిచేది అక్కడి స్టేషన్‌లోనే, కానీ జీరో ఎఫ్ఐఆర్ (ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) మన ఊళ్లోనూ ఇవ్వొచ్చు. డబ్బు కట్టి పొందిన సేవలో లోపం అనుకుంటే 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చెయ్యొచ్చు, గడువు 2 ఏళ్లు. ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద దావాకీ 2 ఏళ్లే.

అద్దాలు, నంబరు ప్లేటు తీసిన బండిని రోడ్డు మీద నడపలేరు కాబట్టి వెళ్లడానికి టాటా ఏస్ మాట్లాడుకోండి. తిరుపతి బళ్లు పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా, చిత్తూరు బళ్లు రాణిపేట, కాంచీపురం మీదుగా వెళ్తాయి. నలుగురూ పంచుకుంటే పెద్ద ఖర్చేం కాదు. ఒక్కో బండికి నాలుగు రాచెట్ పట్టీలు, ముందు ఫోర్కు సగం దిగేలా బిగించండి, సైడ్ స్టాండ్ మీద వదలొద్దు. రోజంతా ఎండలో లెదర్ సూటులో తోలినవాడికి సాయంత్రానికి చేతుల్లో పట్టు ఉండదు. తిరుగు దారిలో డ్రైవర్ పక్కన కూర్చుని నిద్రపోండి.